ఊ కొట్టే మనిషి పక్కనుంటేనే

హనుమకొండ చౌరస్తా వెనక సందుల్లోనైనా, కాజీపేట రైల్వే కాలనీలోనైనా, ఖిలా వరంగల్ వాడల్లోనైనా రాత్రి ఏడున్నరకు ఏ ఇంటికి వెళ్లినా ఒక దృశ్యం కనబడుతుంది. స్టీలు గ్లాసుకు ఆనించి పెట్టిన ఫోను. దాని ముందు నాలుగేళ్ల బిడ్డ. పక్కన పప్పన్నం గిన్నెతో నానమ్మ. తెర మీద ఎలుగుబంటి పిల్ల పళ్లు తోముకుంటూ, "మరి నువ్వు తోముకున్నావా?" అని అడుగుతుంది. బిడ్డ ఏదో చెప్పాలని నోరు తెరుస్తాడు. తెరిచిన నోట్లో ముద్ద పడుతుంది. ఎలుగుబంటి "శభాష్!" అని తన దారిన తాను పోతుంది.

ఆ బిడ్డ ఏం చెప్పబోయాడో ఎవరూ వినలేదు. ఎలుగుబంటికి వినబడదు. నానమ్మ ధ్యాసంతా ముద్ద మీదే. చిన్నపిల్లలకు ఆరోగ్యం, శుభ్రత, మనసు సంగతులు నేర్పడానికి ఇంటరాక్టివ్ వీడియోలు ఎంతవరకు పనికొస్తాయన్న ప్రశ్నకు కీలకం ఈ చోటే ఉంది. బొమ్మ అడిగింది, బిడ్డ పలకబోయాడు, మరి వినాల్సింది ఎవరు?

తెలుగులో దీనికి పాత మాట ఒకటుంది: ఊ కొట్టడం. అమ్మమ్మ కథ చెబుతుంటే పిల్లలు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగుతుంది, పిల్లాడు నిద్రలోకి జారుకున్నాడని అర్థం. మధ్యలో "ఎందుకు?" అని అడిగితే కథ ఇంకో దారి పడుతుంది. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేటలో చేరిన చేర్యాల నకాషీ పటాలూ ఇలాంటివే. మూరల కొద్దీ గుడ్డ మీద వరసగా బొమ్మలుంటాయి. కథకుడు ఒక్కో బొమ్మను చూపిస్తూ పాడతాడు, వంతవాళ్లు అందుకుంటారు, ఎదుట కూర్చున్నవాళ్ల ముఖాలను బట్టి కథ సాగుతుంది లేదా కుదించుకుపోతుంది. అక్కడ బొమ్మ కదలకపోయినా మాట అటూ ఇటూ నడిచేది. ఇవాళ బొమ్మ చక్కగా కదులుతోంది. మాట అటూ ఇటూ నడుస్తోందా లేదా అన్నదే చూడాలి.

క్షేమం అంటే పిల్లల లెక్కలో

2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ల పిల్లల చదువుకు పంచకోశాల భావనను ఆధారం చేసుకుంది. ఒళ్లు, ఊపిరి, మనసు, బుద్ధి, ఆనందం అన్నీ కలిసి పెరగాలన్నది దాని సారం. 2023 ఫిబ్రవరిలో అదే వయసు పిల్లల కోసం కేంద్రం విడుదల చేసిన 'జాదూయీ పిటారా' పెట్టెలో బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలు, చేతిబొమ్మలు, పోస్టర్లు ఉన్నాయి. చేత్తో పట్టుకునేవాటికే పెద్దపీట వేశారన్నది గమనించాలి.

పెద్దల పదజాలం పక్కనపెడితే, నాలుగేళ్ల బిడ్డ క్షేమంలో ఉండేవి చిన్న చిన్న పనులు. ఆకలేస్తే చెప్పగలగడం. బయటికి వెళ్లొచ్చాక, తినేముందు చేతులు కడుక్కోవడం. కోపమొస్తే పక్కవాణ్ని కొరక్కుండా నోటితో చెప్పడం. ఎవరైనా తాకకూడని చోట తాకితే వద్దని అరిచి, నమ్మిన మనిషి దగ్గరికి పరుగెత్తడం. కడుపునిండా తిని కంటినిండా నిద్రపోవడం. వీటిలో కొన్ని తెలిస్తే చాలు, కొన్ని అలవాటు కావాలి, కొన్నిటికి పక్క మనిషి మీద నమ్మకం కుదరాలి. తెలియడం, అలవాటు, నమ్మకం అనే ఈ మూడు మెట్లూ గుర్తుంటే ఏ వీడియో ఎందాకా రాగలదో తేల్చుకోవడం తేలిక.

ఈ దారిలో మన అడుగులు

అడిగి, జవాబు చెప్పించి నేర్పే ప్రసారం మనకు కొత్త కాదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆకాశవాణి బాలల కార్యక్రమాల్లో పిల్లల్నే స్టూడియోకు రప్పించి పాడించారు, ఆడించారు, మాట్లాడించారు. వింటున్న పిల్లలకు అది తమ ఈడువాళ్ల గొంతు.

ఆ తర్వాత ఉపగ్రహం వచ్చింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా 'సైట్' ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. అందులో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు ఆరోగ్యం, పోషకాహారం, సేద్యం. తర్వాత లెక్క తీస్తే పిల్లల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మాట తీరులో, కొత్త సంగతులు తెలుసుకోవాలన్న ఆసక్తిలో మాత్రం మార్పు కనబడింది. యాభై ఏళ్ల కిందటి ఈ ఫలితం ఇప్పటికీ పాఠమే: తెర ఆసక్తిని రగిలించగలదు, దాన్ని అందుకుని ముందుకు తీసుకెళ్లే మనిషి పక్కన ఉండాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 'విందాం నేర్చుకుందాం' రేడియో పాఠాలు వినిపించారు. కరోనా కాలంలో తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్లలో డిజిటల్ తరగతులు నడిచాయి. అవి మూడో తరగతి నుంచి మొదలయ్యాయి. అంతకంటే చిన్నవాళ్లు, అంటే పునాది దశలో ఉన్న పిల్లలే, ఆ తెరకు బయట మిగిలిపోయారు. ఆ వయసువాళ్లను టీవీ ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పడం ఎంత కష్టమో అప్పుడే అర్థమైంది.

పరిశోధనలు ఏమంటున్నాయి

ఇంటరాక్టివ్ అనే పేరు కింద నాలుగు రకాల వీడియోలు తిరుగుతున్నాయి. ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగేవి. తెరను తాకితే కథ కదిలేవి. చూస్తూ చేయించేవి, అంటే ఊపిరి పీల్చడం, గెంతడం, చేతులు రుద్దుకోవడం. అవతల నిజంగా మనిషి ఉండే వీడియో కాల్. నాలుగింటికీ ఫలితం ఒకటి కాదు.

మొదటి రకానికి పెద్ద ఉదాహరణ అమెరికాలో 1996లో మొదలైన టీవీ కార్యక్రమం 'బ్లూస్ క్లూస్'. అందులో పాత్ర ప్రశ్న అడిగి, పిల్లల వైపే చూస్తూ మౌనంగా నిలబడేది. ఒకే భాగాన్ని వారంలో ఐదు రోజులూ వేసేవారు. పెద్దలకు విసుగు పుట్టించే ఈ పద్ధతిని పిల్లలు ఇష్టపడ్డారు. మళ్లీ మళ్లీ చూసేకొద్దీ వాళ్లు మరింత గట్టిగా జవాబులు చెప్పారని అధ్యయనాల్లో తేలింది. రోజూ అదే కథ చెప్పమని మారాం చేసే బిడ్డను చూసిన ఏ తెలుగు తల్లికైనా ఇది వింతగా అనిపించదు.

వీడియో రకంతో పాటు బిడ్డ వయసునూ చూడాలి. రెండు, రెండున్నరేళ్ల లోపు పిల్లలు తెర మీద చూసినదానికంటే ఎదుటి మనిషిని చూసే బాగా నేర్చుకుంటారని పరిశోధకులు చాలా కాలంగా చెబుతున్నారు. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో రెండు నుంచి రెండున్నరేళ్ల పిల్లలకు కొత్త క్రియాపదాలు నేర్పి చూశారు. ఎదురుగా మనిషి చెప్పినప్పుడు నేర్చుకున్నారు. వీడియో కాల్‌లో చెప్పినా నేర్చుకున్నారు. రికార్డు చేసిన వీడియో చూపిస్తే నేర్చుకోలేదు. రెండు చోట్లా తెర ఉంది, తేడా ఎక్కడంటే కాల్‌లో మనిషి పిల్లాడి కళ్లు చూసి, వాడు పలికాకే బదులు చెబుతోంది. బహ్రెయిన్‌లోనో డాలస్‌లోనో ఉన్న తండ్రి రాత్రిపూట ఫోన్‌లో "ఏం తిన్నవ్ బిడ్డా?" అని అడిగి జవాబు కోసం ఆగితే అదీ మంచి ఇంటరాక్టివ్ వీడియోనే.

తాకితే కదిలే వీడియోల సంగతి అంత సూటిగా లేదు. 2016లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, సరైన చోటనే తాకమన్నప్పుడు రెండేళ్లు అప్పుడే నిండుతున్న పిల్లలు పదాలు బాగా నేర్చుకున్నారు. వాళ్లకంటే కొన్ని నెలలు పెద్దవాళ్లకు ఆ మేలు దక్కలేదు. తాకితే చాలు చదువు వస్తుందని యాప్‌ల ప్రకటనలు చెప్పేది అందుకే సగం నిజం. వేలు ఎక్కడ పడాలో మనసు అక్కడికి వెళితేనే ఫలం.

అన్నిటికంటే ముఖ్యమైనది పక్కనున్న మనిషి. భావోద్వేగాలు నేర్పడానికే 2012లో మొదలైన టీవీ కార్యక్రమం 'డేనియల్ టైగర్స్ నైబర్‌హుడ్' మీద 2016లో ఒక అధ్యయనం వచ్చింది. రెండు నుంచి ఆరేళ్ల పిల్లలు 127 మంది అందులో పాల్గొన్నారు. ఎదుటివాళ్ల బాధ అర్థం చేసుకోవడం, భావాలను గుర్తుపట్టడం వంటివాటిలో మెరుగుదల ఎక్కువగా కనబడింది, చూసినవాటి గురించి తల్లిదండ్రులు తరచుగా మాట్లాడే ఇళ్లలోనే. బొమ్మ నేర్పిన పాఠానికి ఇంట్లోవాళ్ల మాట తోడైతేనే అది నాటుకుంది.

పెద్ద ఎత్తున చూసినా తెరను కొట్టిపారేయడానికి లేదు. 15 దేశాల్లో జరిగిన 24 అధ్యయనాలను కలిపి 2013లో చేసిన సమీక్ష 'సెసమీ స్ట్రీట్' టీవీ కార్యక్రమం పిల్లలకు మేలే చేసిందని తేల్చింది. దాని భారతీయ రూపం 'గలీ గలీ సిం సిం' 2006లో మొదలైంది. లక్నోలో 99 ప్రీస్కూళ్లకు చెందిన 1,340 మంది పిల్లలతో చేసిన అధ్యయనంలో రోజుకు 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, 12 వారాల పాటు దాన్ని చూపించారు. చూసిన పిల్లలు చూడనివాళ్లకంటే ముందుకెళ్లారు. సిరియా యుద్ధంతో చెదిరిన కుటుంబాల పిల్లల కోసం తయారైన 'అహ్లన్ సిమ్‌సిమ్' చూసిన పిల్లలు భయం, కోపం వంటివాటిని పేరుపెట్టి గుర్తుపట్టడం, నెమ్మదిగా ఊపిరి తీసి కుదుటపడటం నేర్చుకున్నారు.

ఈ ఆనందంలో ఒక లెక్క మరవకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని, రెండేళ్లు నిండనివాళ్లకు కాస్త కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్ల లోపువాళ్లకు అసలు వద్దు, అయిదేళ్ల దాకా పెద్దల తోడుతో గంటకు లోపే అని మన దేశ పిల్లల వైద్యుల సంఘమూ చెబుతోంది. మూడు నాలుగేళ్ల వయసులో 10 నుంచి 13 గంటల నిద్ర, రోజంతా కలిపి మూడు గంటల ఆటా కదలికా కావాలన్నది అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంగన్‌వాడీ కేంద్రంలో అరగంట పాఠం చూపిస్తే, ఇంట్లో మిగిలేది అరగంటే. క్షేమం గురించిన పాఠం నిద్రను, ఆటను తినేస్తే ఆ పాఠానికి అర్థం లేదు.

ఏ పాఠానికి ఎంత తెర

చేతుల శుభ్రత తీసుకుందాం. కంటికి కనబడని క్రిమిని బొమ్మగా చూపించడంలో వీడియోను మించింది లేదు. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, బొటనవేలు చుట్టూ రుద్దాలని చూపిస్తూ 20 సెకన్ల పాట పెడితే పిల్లలు ఇష్టంగా చేస్తారు. అలవాటు మాత్రం తెర దగ్గర కాక నల్లా దగ్గర పుడుతుంది. అద్దె ఇంట్లో నడిచే అంగన్‌వాడీలో కుళాయి మూడేళ్ల బిడ్డకు అందే ఎత్తులో ఉందా, సబ్బు ఉందా, అన్నం పెట్టేముందు వరస కట్టించే ఓపిక ఆయమ్మకు మిగిలిందా అన్నదే అసలు పరీక్ష. వీడియో చివరి బొమ్మ "ఇప్పుడు పదండి, నల్లా దగ్గరికి" అని చెప్పి తెరను చీకటి చేసేస్తే అది మంచి వీడియో.

తిండి పాఠమూ అంతే. బాలామృతం, కోడిగుడ్డు, ఆకుకూర గురించి బొమ్మ ఎంత చెప్పినా, బిడ్డ తినేది కళ్లముందు తింటున్న తోటిపిల్లల్ని చూసి. తింటూ చూసే వీడియో తిండి సంగతి చెప్పినా సరే, నోటి రుచినీ కడుపు నిండిన గుర్తునూ మరిపిస్తుంది. అన్నం దగ్గర ఏ వీడియో అయినా వద్దు.

మూడోది, అన్నిటికంటే సున్నితమైనది, మంచి తాకుడు, చెడ్డ తాకుడు పాఠం. చైల్డ్‌లైన్ 'కోమల్' వంటి యానిమేషన్ చిత్రాలు పెద్దలకు నోరు పెగలని మాటల్ని పిల్లలకు సులువుగా చెప్పాయి. చెప్పడానికి సిగ్గుపడే టీచర్‌కు, తల్లికి అవి ఊతం. అయితే ఆ వీడియో చూశాక ఒక బిడ్డ మెల్లగా వచ్చి "టీచర్, మా ఇంటికొచ్చే మామ..." అని మొదలుపెట్టవచ్చు. ఆ క్షణానికి టీచర్ సిద్ధంగా ఉండాలి. బిడ్డను నమ్మాలి, తిట్టకూడదు, గుచ్చి గుచ్చి అడగకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు తప్పనిసరిగా చెప్పాలి. 1098కు ఫోన్ చేసి సాయం అడగవచ్చు. వినే మనిషిని సిద్ధం చేయకుండా ఈ వీడియో చూపించడమంటే బిడ్డ నోరు తెరిపించి వదిలేయడమే. అంతకంటే చూపించకపోవడమే నయం.

రంది, బుగులు, అలక

మనసు పాఠాల్లో మన దగ్గర పెద్ద లోటు భాషది. యూట్యూబ్‌లో దొరికే తెలుగు వీడియోల్లో చాలావరకు ఇంగ్లిష్ నుంచి దించినవే. నాలుగు గుండ్రటి ముఖాలు వస్తాయి: సంతోషం, విచారం, కోపం, భయం. 'విచారం' అనే మాట వరంగల్ వాడల్లో ఏ నాలుగేళ్ల బిడ్డ నోటా వినబడదు. అమ్మ ఊరెళితే బిడ్డ రంది పెట్టుకుంటాడు. చీకటి పడితే "బుగులైతాంది" అంటాడు. అన్నకు ముందు పెట్టి తనకు తర్వాత పెడితే అలుగుతాడు. ఆటలో ఓడితే ఉక్రోషపడతాడు. అలక అంటే కోపం కాదు, బతిమాలించుకోవాలన్న ప్రేమ అందులో ఉంటుంది. ఇంత సన్నటి తేడాలకు మనకు పేర్లుండగా, పిల్లలకు నాలుగు ముఖాలే చూపించడం వాళ్లకు దక్కాల్సింది దక్కనివ్వకపోవడమే. ప్రజాకవి కాళోజీ నారాయణరావు నడయాడిన ఊరు వరంగల్. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇంటి మాటకు గౌరవం పిల్లల వీడియోల్లోనే మొదలు కావాలి.

రంది మీద మూడు నిమిషాల వీడియో ఒకటి చేస్తే ఎలా ఉండాలో చూద్దాం. కొత్త గౌను వేసుకున్న పాప అంగన్‌వాడీ గుమ్మం ముందు నానమ్మ కొంగు పట్టుకుని నిలబడింది. లోపలి నుంచి పిల్లల అరుపులు. పాప కొంగును వేలికి చుట్టుకుంటోంది. ఇక్కడ వీడియో ఆగాలి. "పాపకు ఏమైతాంది?" అనే ప్రశ్న మాత్రం వినబడాలి. మూడు బటన్లిచ్చి ఒకటి నొక్కమనకూడదు, బిడ్డ నోటి నుంచే రానివ్వాలి. ఒకడు "ఆకలైతాంది" అంటాడు, ఇంకొకతె "నానమ్మ పోతదని" అంటుంది. రెండూ సరైనవే. రెండో ఆగుడు: "నీకట్లయితే ఒంట్లో ఎక్కడ తెలుస్తది?" పిల్లలు కడుపు చూపిస్తారు, గొంతు చూపిస్తారు. మూడోది ఊపిరి: "వేడి జావ చేతిలో ఉన్నదనుకో, మెల్లగ ఊదు." పాప ఊదుతుంది, పిల్లలూ ఊదుతారు. చివరన పాప కొంగు వదిలి లోపలికి నడవకపోయినా ఫర్వాలేదు. టీచర్ వచ్చి పక్కన కూర్చుంటే చాలు. రంది ఒక్కరోజులో పోదని పిల్లలకు తెలుసు, వాళ్లకు అబద్ధం చెప్పొద్దు.

జాగ్రత్తలు

ఫోన్‌లో మంచి వీడియో అయిపోగానే దానంతటదే ఇంకోటి మొదలవుతుంది. మూడోదో నాలుగోదో వచ్చేసరికి మొదటి పాఠం జాడ ఉండదు. పిల్లల కోసం చేసే వీడియోకు ముగింపు ఉండాలి, డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా చూసుకునే వీలుండాలి, ప్రకటనలు ఉండకూడదు. బిడ్డ ఏది నొక్కాడు, ఎంతసేపు చూశాడు అన్న లెక్కలు పోగుచేసే యాప్‌లతో మరింత జాగ్రత్త అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది, పిల్లల వెంటపడి గమనించడాన్ని, వాళ్లకు గురిపెట్టే ప్రకటనలను కాదంటోంది. ఈ సంగతి తల్లులకు తెలియాలి.

ఇంకొకటి టీచర్ల భారం. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చినప్పటి నుంచి అంగన్‌వాడీ టీచర్ ఫోను రికార్డుల పుస్తకంగా మారింది. అదే ఫోనును పాఠానికి కూడా వాడమంటే, ఆ చిన్న తెర చుట్టూ ఇరవై మందిని కూర్చోబెట్టమంటే కుదరదు. ఐదుగురేసి చొప్పున చూపించే ఏర్పాటు, చూపించే వేళలో రికార్డుల పని అడగని నియమం రెండూ కావాలి. లేదంటే ఫోను టీచర్‌కు ఊపిరి సలిపించే ఆయాగా మారిపోతుంది.

ఓరుగల్లు చేయగలిగింది

2022లో యునెస్కో అభ్యసన నగరాల జాబితాలో వరంగల్ చేరింది. అదే ఏడాది జనవరిలో, ఐదేళ్ల లోపు పిల్లల కళ్లతో నగరాన్ని చూడాలన్న నర్చరింగ్ నైబర్‌హుడ్స్ పోటీలో దేశంలోని మొదటి పది నగరాల్లో ఒకటిగా నిలిచింది. తెలుగు నేల నుంచి కాకినాడ కూడా అందులో ఉంది. తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఊళ్లో కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, నిట్ ఉంది, కాకతీయ వైద్య కళాశాల ఉంది, కాళోజీ పేరిట ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. చేర్యాల నకాషీ కళాకారులు గంటన్నర దూరంలో ఉన్నారు. పిల్లల వైద్యులు, టీచర్లు, నకాషీ చిత్రకారులు, నిట్ విద్యార్థులు ఒక గదిలో కూర్చుంటే ఇరవై చిన్న వీడియోలు చేయడం కష్టం కాదు. ఒక్కోటి మూడు నిమిషాలు, మూడు ఆగుళ్లు, వరంగల్ మాట, చివరన తెర చీకటి. వీడియోతో పాటు పెద్దలకు ఒక చిన్న కాగితం: ఎక్కడ ఆగాలి, ఏం అడగాలి, బిడ్డ ఏమన్నా ఎలా వినాలి. చూపించాక పిల్లల మార్కులు కొలవొద్దు. ఆ వారంలో ఇంట్లో ఎన్ని కొత్త మాటలు నడిచాయో తల్లుల్ని అడగాలి.

ఇన్ని పరిశోధనల సారం ఎంతో ఖర్చుపెట్టి చేసే పనేమీ కోరదు. నానమ్మ పప్పన్నం గిన్నె కాసేపు కింద పెట్టి, ఫోను మీద వేలు పెట్టి ఆపగలిగితే సగం పని అయినట్టే. బొమ్మ పాప గుమ్మం ముందు కొంగు పట్టుకుని ఆగిపోయింది. ఇంటి బిడ్డ తెర వైపు చూశాడు, నానమ్మ వైపు తిరిగాడు. "నానమ్మా, చిన్నప్పుడు నీకు గూడ బుగులైతుండెనా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఏ వీడియోలోనూ లేదు. నానమ్మ చెప్పడం మొదలుపెడితే, ఊ కొట్టడం బిడ్డ వంతు.